పారిటీకి తప్పు జరిగిందని తెలుసు, ఏ డిస్క్‌లో జరిగిందో తెలియదు: రెయిడ్ 5 నుంచి పాడైన ఫైల్‌ని వెనక్కి తేవడం ఎలా?

నాస్ కొనాలనుకునే వాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "ఒక హార్డ్‌డిస్క్ పోతే డేటా ఉంటుందా?" రెయిడ్ 5 పెట్టుకుంటే ఉంటుంది. పోయిన డిస్క్ తీసేసి కొత్తది పెడితే, మిగతా డిస్క్‌లు, పారిటీ కలిపి పాతది మళ్లీ తయారైపోతుంది. ఇది చాలామందికి తెలిసిన విషయమే.

నేను ఈరోజు రాస్తున్నది ఇంకో ప్రశ్న గురించి. డిస్క్ ఏదీ పోలేదు. లైట్లన్నీ గ్రీన్‌లోనే ఉన్నాయి. స్మార్ట్ రిపోర్ట్ క్లీన్‌గా ఉంది. కానీ లోపల ఒక ఫొటో మాత్రం సగం బూడిద రంగులోకి మారిపోయింది. అప్పుడు పారిటీ కాపాడుతుందా?

కాపాడగలదు. కాకపోతే దానంతట అది చేయలేదు. తప్పు ఎక్కడ జరిగిందో ఇంకెవరైనా దానికి వేలెత్తి చూపించాలి. ఆ చూపించేది లేకుండా "రిపేర్" నొక్కితే, బతికే ఛాన్స్ ఉన్న ఫైల్ కూడా పర్మనెంట్‌గా పోతుంది. అదెలాగో చూద్దాం.

డిస్క్ చేసే తప్పులు రెండు రకాలు

మొదటిది అరిచి చెప్పే తప్పు. ప్రతి హార్డ్‌డిస్క్ తన సెక్టార్‌లతో పాటు ఎర్రర్ కరెక్షన్ కోడ్ కూడా రాసుకుంటుంది. చదివేటప్పుడు అది సరిపోకపోతే "ఈ సెక్టార్ నాకు చదవడం రావట్లేదు" అని రీడ్ ఎర్రర్ ఇస్తుంది. రెయిడ్‌కి ఇది చాలా ఈజీ కేసు. ఏ డిస్క్, ఏ చోటు అన్నది ఆ డిస్కే చెప్పేసింది కదా. మిగతా డిస్క్‌ల నుంచి లెక్కగట్టి డేటా మీకు ఇస్తుంది, అదే డేటాని ఆ చోట మళ్లీ రాయడానికి ట్రై చేస్తుంది. మీకు తెలియకుండానే పని అయిపోతుంది.

రెండోది నోరు మెదపని తప్పు. డిస్క్ ఎర్రర్ ఏమీ ఇవ్వదు, తప్పు డేటానే కరెక్ట్ డేటా అన్నట్టు చేతిలో పెడుతుంది. రాయమన్న బ్లాక్‌ని పక్క చోట రాసేయొచ్చు. రాశానని చెప్పి అసలు రాయకపోవచ్చు. ఫర్మ్‌వేర్ బగ్ కావచ్చు, కంట్రోలర్ కావచ్చు, ర్యామ్‌లో ఒక బిట్ తిరగబడి ఉండొచ్చు. దీన్నే సైలెంట్ కరప్షన్ అంటారు.

ఇది మరీ అరుదేమో అనుకోకండి. 2008లో ఫాస్ట్ అనే స్టోరేజ్ కాన్ఫరెన్స్‌లో ఒక స్టడీ వచ్చింది. నెట్‌యాప్ సిస్టమ్స్‌లో వాడుతున్న 15.3 లక్షల డిస్క్‌లను 41 నెలల పాటు గమనిస్తే, 4 లక్షలకు పైగా చోట్ల చెక్‌సమ్ మ్యాచ్ కాలేదు. పెద్ద సర్వర్లలో వాడే ఖరీదైన డిస్క్‌ల కన్నా, మన ఇళ్లలో వాడే వాటికి దగ్గరగా ఉండే సాటా రకం డిస్క్‌లలో ఈ సమస్య సుమారు పది రెట్లు ఎక్కువగా కనిపించింది.

పారిటీ లెక్క: నాలుగు డిస్క్‌లతో

రెయిడ్ అనే ఆలోచనకి 1987లో పేరు పెట్టింది బర్క్‌లీ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ క్యాట్జ్. ఇందులో రెయిడ్ 5 లెక్క అంతా ఎక్సార్ అనే ఒక్క ఆపరేషన్ మీద నడుస్తుంది. రెండు బిట్‌లు ఒకటే అయితే 0, వేరైతే 1. అంతే.

మూడు డిస్క్‌లలో 5, 9, 14 అనే నంబర్లు ఉన్నాయనుకుందాం. బైనరీలో 0101, 1001, 1110. మూడింటినీ ఎక్సార్ చేస్తే 0010, అంటే 2. ఇది నాలుగో డిస్క్‌లోకి పారిటీగా వెళ్తుంది. నిజం రెయిడ్ 5లో పారిటీ ఒకే డిస్క్‌లో ఉండదు, ఒక్కో వరుసకి ఒక్కో డిస్క్‌లోకి మారుతూ ఉంటుంది. ఈ వరుసని స్ట్రైప్ అంటారు. లెక్క మాత్రం ఇదే.

రెండో డిస్క్ మొత్తం పోయిందనుకోండి. 5, 14, 2లను ఎక్సార్ చేస్తే 9 వస్తుంది. డేటా తిరిగొచ్చింది. ఇక్కడ మనకి ముందే ఒక విషయం తెలుసు: పోయింది రెండో డిస్క్.

ఇప్పుడు సీన్ మారుద్దాం. డిస్క్ పోలేదు. 9 ఉండాల్సిన చోట సైలెంట్‌గా 11 వచ్చి కూర్చుంది. 5, 11, 14ల ఎక్సార్ 0. పారిటీ డిస్క్‌లో ఉన్నది 2. కాబట్టి ఏదో తేడా ఉందని తెలిసిపోతుంది. కానీ తప్పు ఎవరిది? ఒక్కొక్కరినీ అనుమానించి చూద్దాం.

మొదటి డిస్క్ తప్పయితే, అక్కడ ఉండాల్సింది 7.
రెండో డిస్క్ తప్పయితే, ఉండాల్సింది 9.
మూడో డిస్క్ తప్పయితే, ఉండాల్సింది 12.
పారిటీయే తప్పయితే, అది 0 కావాలి.

నాలుగు జవాబులూ లెక్క ప్రకారం పర్ఫెక్టే. నాలుగింట్లో ఏది పెట్టినా స్ట్రైప్ సరిపోతుంది. అసలు నంబర్ 9 అని మనకి తెలుసు కాబట్టి నవ్వుకుంటున్నాం, పారిటీకి ఆ విషయం తెలియదు. ఒక సమీకరణం, నలుగురు అనుమానితులు. దొంగతనం జరిగిందని చెప్పగలదు, దొంగని పట్టివ్వలేదు.

ఇంకో మాట. మామూలుగా ఫైల్ చదివేటప్పుడు రెయిడ్ 5 పారిటీని అసలు చూడదు. డేటా ఉన్న డిస్క్ నుంచి తెచ్చి ఇచ్చేస్తుంది, స్పీడ్ కోసం. కాబట్టి ఈ తేడా స్క్రబ్ చేస్తే తప్ప బయటపడదు.

"రిపేర్" నిజంగా ఏం చేస్తుంది?

లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ రెయిడ్ పేరు ఎండీ. దాన్ని నడిపే టూల్ ఎండీఆడ్మ్. ఇందులో రెండు పనులున్నాయి: చెక్, రిపేర్. చెక్ అన్ని స్ట్రైప్‌లనూ చదివి, ఎన్ని సెక్టార్‌లలో పారిటీ సరిపోలేదో లెక్క చెప్తుంది. ఆ తేడాలను మాత్రం ముట్టుకోదు.

రిపేర్ ఇంకో అడుగు ముందుకెళ్తుంది. డేటా అంతా కరెక్టే అనుకుని పారిటీని కొత్తగా రాసేస్తుంది. మన లెక్కలో అయితే 11ని అలాగే ఉంచి పారిటీని 2 నుంచి 0 చేస్తుంది. తేడా మాయం. మళ్లీ చెక్ చేస్తే జీరో ఎర్రర్స్. కానీ 9ని వెనక్కి తేగలిగిన ఒకే ఒక్క ఆధారం ఆ 2. అది కూడా పోయింది.

దీన్ని బగ్ అనలేం. కరెంట్ పోయినప్పుడు డేటా రాసి పారిటీ రాయకుండా ఆగిపోవడం మామూలే. అలాంటి కేసులో రిపేర్ చేసేదే కరెక్ట్. ప్రాబ్లం ఏంటంటే, రెండు కేసుల్లోనూ బయటికి కనిపించే లక్షణం ఒకటే.

తెనాలిలో ఒక పెళ్లి ఫొటో

తెనాలిలో నాకు బాగా తెలిసిన ఒక ఫొటోగ్రాఫర్ అన్న ఉన్నాడు. స్టూడియోలో నాలుగు 4 టీబీ డిస్క్‌లతో సొంతంగా కట్టించుకున్న లినక్స్ బాక్స్. ఎండీ రెయిడ్ 5, దాని మీద ఎక్స్‌టీ4. ఒక పెళ్లి ఫొటోలో పెళ్లికూతురి తాతగారు అక్షింతలు వేస్తున్నారు. ఆ పెద్దాయన పెళ్లయిన రెండు నెలలకే పోయారు. ఇంట్లో వాళ్లు ఆ ఫొటోని పెద్ద ఫ్రేమ్ కట్టించమని అడిగితే, అన్న ఫైల్ ఓపెన్ చేశాడు. పై భాగం బాగానే ఉంది, సగం నుంచి కిందికి అంతా బూడిద రంగు, అడ్డగీతలు. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో బ్యాకప్ ఉంది, అందులోనూ ఇదే. అంటే ఫైల్ పాడైన తర్వాత తీసిన బ్యాకప్ అది. మెమరీ కార్డ్ ఎప్పుడో ఫార్మాట్ అయిపోయింది.

ఫోన్ చేసి, "తమ్ముడూ, చెక్ పెడితే ఏదో మిస్‌మ్యాచ్ 8 అని చూపిస్తోంది. రిపేర్ కొట్టేస్తే అయిపోద్ది అంటున్నారు. కొట్టేయనా?" అన్నాడు.

"అన్నా, నీకు దండం పెడతా, ఏదీ ముట్టుకోవద్దు. బాక్స్ ఆఫ్ చేసి ఉంచు. రేపు వస్తా" అన్నాను.

8 అంటే 8 సెక్టార్‌లు. ఒక్కోటి 512 బైట్లు, మొత్తం 4 కేబీ. 12 టీబీలో ఒకే ఒక్క చోట తేడా. ఆ ఫొటో పాడైన చోటూ ఇదీ ఒకటే అయితే, పారిటీలో మంచి కాపీ ఇంకా దాగి ఉన్నట్టే.

ప్లాన్ సింపుల్. నాలుగు డిస్క్‌లలో ఒక్కోదాన్ని పక్కన పెట్టి, మిగతా మూడింటితో అరే స్టార్ట్ చేయాలి. పక్కన పెట్టిన డిస్క్ డేటాని రెయిడ్ పారిటీతో లెక్కగడుతుంది. దొంగ డిస్క్‌ని పక్కన పెట్టిన రౌండ్‌లో మాత్రమే ఫొటో బాగా రావాలి.

చేసిన పద్ధతి ఇది:

1. నాలుగు డిస్క్‌లనూ రీడ్ ఓన్లీ చేశాను. పైన డివైస్ మ్యాపర్‌తో ఓవర్‌లే పెట్టాను. అంటే పొరపాటున ఏదైనా రాసినా అది వేరే డిస్క్‌లోని ఒక ఫైల్‌లోకి వెళ్తుంది, అసలు డిస్క్‌ల మీద ఒక్క బైట్ కూడా మారదు. ఈ స్టెప్ ఎగ్గొట్టే పనైతే మిగతావి మొదలుపెట్టకండి.

2. ఓవర్‌లేల మీద మూడు డిస్క్‌లతోనే అరేని రీడ్ ఓన్లీలో స్టార్ట్ చేశాను. ఫైల్‌సిస్టమ్‌ని కూడా రీడ్ ఓన్లీలో, జర్నల్ ప్లే కాకుండా మౌంట్ చేశాను.

3. ఫొటోని వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, అరే ఆపేసి, ఇంకో డిస్క్‌ని పక్కన పెట్టి మళ్లీ మొదటి నుంచి. మొత్తం నాలుగు రౌండ్లు, నాలుగు కాపీలు.

రిజల్ట్ చూస్తే లెక్క కళ్లకు కట్టినట్టు కనిపించింది. నాలుగో డిస్క్ లేకుండా తీసిన కాపీ, పాడైన ఒరిజినల్‌తో బైట్ టు బైట్ సేమ్. అంటే ఆ స్ట్రైప్‌లో పారిటీ ఉన్నది నాలుగో డిస్క్‌లో, దాన్ని తీసినా డేటా మారలేదు. మొదటి డిస్క్ లేకుండా తీసిన కాపీలో గీతలు ఇంకా పై నుంచే మొదలయ్యాయి. మూడోది లేకుండా తీస్తే, అదే చోట మొదలై కింద వేరే రకంగా చెడిపోయింది. ఎందుకంటే ఈ రెండు రౌండ్లలో తప్పు బ్లాక్ అలాగే ఉంది, పైగా దాన్ని వాడి లెక్కగట్టిన పక్క బ్లాక్ కూడా తప్పయింది. చంక్ సైజ్ 512 కేబీ కాబట్టి ఒకే ఫొటో ముక్కలు మూడు డిస్క్‌లలోనూ పక్కపక్కనే ఉన్నాయి.

రెండో డిస్క్ లేకుండా తీసిన కాపీలో తాతగారు, చేతిలో అక్షింతలు, వెనక మండపం, అన్నీ పూర్తిగా వచ్చాయి.

తర్వాత ఆర్డర్ కూడా ముఖ్యం. ముందు ఓవర్‌లేలు తీసేసి, అరేని మామూలుగా స్టార్ట్ చేసి, మంచి కాపీని కొత్త పేరుతో అందులో పెట్టాం. అది సరిగ్గా ఉందని చూసుకున్నాం. ఆ తర్వాతే పాడైన ఫైల్ డిలీట్ చేశాం. ఇప్పుడు ఆ 4 కేబీ ఎవరి డేటా కాదు, అందులో ఏమున్నా నష్టం లేదు. అప్పుడు నొక్కాం రిపేర్. ముందు రోజు ఫొటోని చంపేసేది అదే బటన్, ఇప్పుడు అది మామూలు శుభ్రం చేసే పని.

ఇక్కడ జడ్జ్ ఎవరు? మన కళ్లు. జేపెగ్‌లో చిన్న తేడా వచ్చినా కంటికి కనిపిస్తుంది కాబట్టి నడిచింది. అదే ఒక అకౌంట్స్ ఫైల్‌లో ఒక అంకె మారి ఉంటే నాలుగు కాపీలూ చూడటానికి బాగానే ఉంటాయి, ఏది నిజమో చెప్పలేం.

ఇదే పని మెషీన్ చేస్తే: జెడ్‌ఎఫ్‌ఎస్

కళ్ల బదులు చెక్‌సమ్‌ని జడ్జ్‌గా పెడితే? సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టిన జెడ్‌ఎఫ్‌ఎస్ చేసేది ఇదే.

మన లెక్కకే వద్దాం. ప్రతి నంబర్‌ని 7తో భాగిస్తే వచ్చే శేషాన్ని వేరే చోట రాసి పెట్టుకున్నాం అనుకోండి. 5కి 5, 9కి 2, 14కి 0. ఇప్పుడు 9 పోయి 11 వచ్చింది. 11ని 7తో భాగిస్తే శేషం 4. రాసుకున్నది 2. దొంగ దొరికాడు, రెండో డిస్క్. మిగతా మూడింటినీ ఎక్సార్ చేస్తే 9, దాని శేషం 2, సరిపోయింది. జెడ్‌ఎఫ్‌ఎస్ వాడే చెక్‌సమ్‌లు దీనికన్నా చాలా బలమైనవి, ఐడియా మాత్రం ఇదే.

జెడ్‌ఎఫ్‌ఎస్ చెక్‌సమ్‌ని డేటా పక్కనే పెట్టదు. ఆ డేటాని చూపించే పై బ్లాక్‌లో పెడుతుంది. దీంతో డిస్క్ "రాశాను" అని అబద్ధం చెప్పి పాత డేటా ఇచ్చినా పట్టుబడుతుంది, ఎందుకంటే పాత డేటాకి కొత్త చెక్‌సమ్ మ్యాచ్ అవ్వదు. రెయిడ్‌జెడ్‌లో చదివిన బ్లాక్ చెక్‌సమ్ సరిపోకపోతే, ఒక్కో డిస్క్‌నీ అనుమానించి, పారిటీతో లెక్కగట్టి, ఏది పెడితే చెక్‌సమ్ మ్యాచ్ అవుతుందో చూస్తుంది. దొరికాక మీకు మంచి డేటా ఇచ్చి, డిస్క్‌లో కూడా సరిచేస్తుంది. నేను తెనాలిలో నాలుగు రౌండ్లు తిరిగి చేసిన పనిని అది ఫైల్ చదువుతూనే చేసేస్తుంది.

జెడ్‌ఎఫ్‌ఎస్ వద్దనుకుంటే?

బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో కూడా డేటా చెక్‌సమ్‌లు ఉంటాయి. కానీ దాని సొంత రెయిడ్ 5, 6 మోడ్‌లను ముఖ్యమైన డేటాకి వాడొద్దని దాని డాక్యుమెంటేషనే చెప్తుంది. రెయిడ్ 1 అయితే ఓకే. సైనాలజీ వాళ్లు ఇంకో దారి పట్టారు. కింద ఎండీ రెయిడ్, పైన బీటీఆర్‌ఎఫ్‌ఎస్. చెక్‌సమ్ ఫెయిలైతే పై లేయర్ కింది లేయర్‌ని "పారిటీతో ఇంకో వెర్షన్ ఇవ్వు" అని అడిగేలా మార్చుకున్నారు. ఇది పనిచేయాలంటే షేర్డ్ ఫోల్డర్ క్రియేట్ చేసేటప్పుడు డేటా చెక్‌సమ్ ఆప్షన్ టిక్ చేయాలి. చాలామంది అది చూడకుండా నెక్స్ట్ నొక్కేస్తారు.

ఎక్స్‌టీ4 మీదే ఉండాలంటే డీఎమ్ ఇంటెగ్రిటీ ఉంది, లినక్స్ 4.12 నుంచి. ఒక్కో డిస్క్ మీద ఇది కూర్చుని ప్రతి సెక్టార్‌కీ చెక్‌సమ్ పెడుతుంది. తేడా వస్తే రీడ్ ఎర్రర్ ఇస్తుంది. అంటే నోరు మెదపని తప్పుని అరిచి చెప్పే తప్పుగా మారుస్తుంది. ఆ తర్వాత పని ఎండీకి ఎలాగూ తెలుసు. రాసే స్పీడ్ మాత్రం తగ్గుతుంది.

రెయిడ్ 6లో రెండు పారిటీలు, అంటే రెండు సమీకరణాలు. ఒక స్ట్రైప్‌లో ఒకే డిస్క్ తప్పయితే, ఏదో లెక్కగట్టి కనిపెట్టొచ్చు. కానీ ఎండీ రిపేర్ ఆ లెక్క చేయదు, అక్కడ కూడా పారిటీలే తిరిగి రాస్తుంది. కనిపెట్టడానికి ఎండీఆడ్మ్ సోర్స్‌తో పాటు రెయిడ్6చెక్ అనే వేరే టూల్ వస్తుంది.

మీ జేబులో ఉన్నది కూడా ఇదే

ఆండ్రాయిడ్ ఫోన్ సిస్టమ్ పార్టిషన్‌ని డీఎమ్ వెరిటీ అనేది బ్లాక్ బ్లాక్‌గా హ్యాష్‌తో చెక్ చేస్తుంది. 2016లో ఆండ్రాయిడ్ 7 నుంచి దీనికి రీడ్ సోలమన్ ఎర్రర్ కరెక్షన్ జోడించారు. ఏ బ్లాక్ పాడైందో హ్యాష్ చెప్తుంది, దాన్ని పారిటీ డేటా తిరిగి కడుతుంది. దీనికి పట్టే ఎక్స్‌ట్రా స్పేస్ సుమారు 0.8 శాతం మాత్రమే. చోటు ముందే తెలిస్తే అంత తక్కువ పారిటీ కూడా చాలా పని చేస్తుంది. ఇది సిస్టమ్ పార్టిషన్ వరకే, మీ గ్యాలరీ ఫొటోలకి కాదు.

ఎక్కడ పనిచేయదు?

ఒకే స్ట్రైప్‌లో ఒకే చోట రెండు డిస్క్‌లు తప్పయితే రెయిడ్ 5 చేతులెత్తేస్తుంది. చెక్‌సమ్ వేయకముందే ర్యామ్‌లో డేటా పాడైతే, పాడైన దానికే పక్కాగా చెక్‌సమ్ పడుతుంది. మీరే డిలీట్ చేస్తే, రాన్సమ్‌వేర్ వస్తే, పారిటీ ఏమీ చేయలేదు. అందుకే బ్యాకప్ వేరే ఉండాలి, అదీ పాత వెర్షన్‌లు కొన్ని దాచేలా.

ఇప్పుడు మీ దగ్గర ఎక్స్‌టీ4 నాస్ ఉంటే నా సలహాలు మూడు. నెలకోసారి చెక్ మాత్రమే రన్ చేయండి. మిస్‌మ్యాచ్ జీరో కాకపోతే ముందు ఎందుకో తెలుసుకోండి, రిపేర్ తర్వాత. మూడోది ఈ రాత్రే చేయొచ్చు: ఫొటోల ఫోల్డర్ మొత్తానికి షా 256 లిస్ట్ ఒకటి తయారుచేసి, ఆ టెక్స్ట్ ఫైల్‌ని నాస్ బయట, మీ మెయిల్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో పెట్టుకోండి. వేల ఫొటోలకి కూడా కొన్ని ఎంబీలు దాటదు. రేపు నాలుగు కాపీలు తీసి ఏది నిజమో తేల్చాల్సి వస్తే, జడ్జ్ సీట్లో కూర్చునేది ఆ ఫైలే.